తప్పు తూనిక: పొట్టి క్రికెట్ కొలతలో పాత ఆటగాళ్లు

ఇరవై ఓవర్ల క్రికెట్‌లో గత తరాల ఆటగాళ్లు నిలదొక్కుకోలేరన్న అభిప్రాయం ఇప్పుడు చర్చ అక్కరలేని సిద్ధాంతంగా చలామణి అవుతోంది. వారి బ్యాటింగు నెమ్మదైనదనీ, వారి శరీరాలు ఈ వేగాన్ని తట్టుకునేవి కావనీ, నేటి బౌలర్లు వేసే రకరకాల బంతులు వారి ఊహకైనా అందవనీ టీవీ విశ్లేషకుల నుంచి, సంక్రాంతి సెలవుల్లో బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం మైదానాల్లో టెన్నిస్ బంతితో పోటీలాడే కుర్రవాళ్ల దాకా అందరూ ఒకే ధీమాతో చెబుతున్నారు. సాక్ష్యంగా వారు చూపేది స్ట్రైక్ రేట్, అంటే ఒక బ్యాటర్ నూరు బంతులకు సగటున ఎన్ని పరుగులు చేశాడో తెలిపే అంకె. ఈ అభిప్రాయం పొరపాటు మాత్రమే కాదు, అన్యాయం కూడా. ఎందుకంటే ఆ అంకె ఆటగాడి శక్తిని కొలవదు, ఆనాటి ఆట అతన్ని ఏమి అడిగిందో దాన్నే కొలుస్తుంది. అడగని పనిని చేయలేదని ఒకరిని అసమర్థుడనడం ఏ విచారణలోనూ చెల్లదు.

ఆట ఏమి అడుగుతుందన్నది వికెట్ విలువను బట్టి ఉంటుంది. ఇరవై ఓవర్ల ఇన్నింగ్స్‌లో జట్టు చేతిలో 120 బంతులు, పది వికెట్లు ఉంటాయి. పంచుకుంటే వికెట్టుకు పన్నెండు బంతులు వస్తాయి కాబట్టి, పది బంతుల్లో ఇరవై పరుగులు చేసి అవుటైనవాడు కూడా జట్టుకు లాభమే చేశాడు. యాభై ఓవర్ల ఆటలో అదే లెక్క వికెట్టుకు ముప్ఫై బంతులవుతుంది. టెస్టు మ్యాచ్‌లో అయితే రోజుకు 90 ఓవర్ల చొప్పున అయిదు రోజులు ఆడవలసి ఉండగా ఒక్కో ఇన్నింగ్స్‌కు బంతుల పరిమితి అంటూ లేదు, ఓటమిని తప్పించే డ్రా కూడా గౌరవప్రదమైన ఫలితమే, ఇక వికెట్ పారేసుకోవడం జట్టుకు చేసే ద్రోహంతో సమానం. 1932 నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు ఒక్క టెస్టు కూడా గెలవలేకపోయిన భారత జట్టులో ఆడిన బ్యాటర్ క్రీజులో గడిపిన ప్రతి అరగంటా జట్టుకు కూడబెట్టిన ధనం. ఆ కాలపు నిదానం ఒక నిర్ణయమే గాని లోపం కాదని ఈ లెక్క తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి సునీల్ గవాస్కర్ కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1975 ప్రపంచ కప్‌లో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 పరుగులు చేస్తే, గవాస్కర్ ఆ అరవై ఓవర్లూ క్రీజులో ఉండి 174 బంతులాడి 36 పరుగులతో అజేయంగా మిగిలాడు. పాత ఆటగాళ్లను తీసిపారేసేవారు ఎక్కువగా ఎత్తిచూపే ఇన్నింగ్స్ ఇదే. అయితే అదే గవాస్కర్ పన్నెండేళ్ల తర్వాత, 38 ఏళ్ల వయసులో, 1987 అక్టోబర్ 31న నాగపూర్‌లో న్యూజిలాండ్‌పై 88 బంతుల్లో 103 పరుగులతో అజేయంగా నిలిచి 222 పరుగుల లక్ష్యాన్ని 33 ఓవర్ల లోపే దాటించాడు. గ్రూపులో అగ్రస్థానం కావాలంటే రన్ రేట్, అంటే ఓవర్‌కు సగటు పరుగులు, పెంచి తీరాలని ఆనాటి పాయింట్ల పట్టిక అడిగింది, ఆయన ఇచ్చాడు. మొదటి ఇన్నింగ్స్ స్ట్రైక్ రేట్ 21 దగ్గర ఉంటే రెండోది 117. వయసు పైబడిన మనిషి సామర్థ్యం పన్నెండేళ్లలో అయిదారింతలు పెరిగిందని ఎవరూ వాదించలేరు కాబట్టి, ఆ రెండు అంకెల మధ్య తేడా మనిషిలోది కాదని ఒప్పుకోక తప్పదు. 1975 నాటి ఆ ఇన్నింగ్స్‌ను సమర్థించవలసిన పని ఎవరికీ లేదు. అది ఆ రోజుకు తగని ఆటే. ఒక తప్పుడు నిర్ణయాన్ని అశక్తతకు రుజువుగా వాడుకోవడమే ఇక్కడ అభ్యంతరం.

గవాస్కర్ తన కుమారుడికి పెట్టిన పేరులో చోటిచ్చిన ముగ్గురు ఆటగాళ్లలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన ఎం.ఎల్. జయసింహ. జయసింహ 1960–61లో కాన్పూర్‌లో పాకిస్తాన్‌పై ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 పరుగులు చేశాడు. అంతకు ముందు ఏడాది కలకత్తాలో ఆస్ట్రేలియాపై టెస్టు అయిదు రోజులూ ఏదో ఒక సమయంలో బ్యాటింగు చేశాడు. ఆ రెండు వివరాలే చదివినవారికి ఆయన మొద్దుగా అడ్డుపడే బ్యాటర్‌గా కనిపించవచ్చు గాని, చూసినవారంతా ఆయన్ను ఆ తరంలో అత్యంత సొగసైన స్ట్రోకులున్నవాడిగానే చెప్పుకున్నారు. 1968లో పిలుపు అందుకుని ఆస్ట్రేలియా చేరిన వెంటనే, సరైన అభ్యాసమైనా లేకుండా, బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేసినవాడు కూడా ఆయనే. ఆ హైదరాబాద్ మణికట్టు వారసత్వాన్నే అందుకున్న మహమ్మద్ అజహరుద్దీన్ 1988 డిసెంబర్ 17న బరోడాలో న్యూజిలాండ్‌పై 62 బంతుల్లో శతకం బాదినప్పుడు అది అప్పటికి వన్డేల్లో అత్యంత వేగవంతమైన సెంచరీ; టెస్టులో బంతిని లెగ్ సైడుకు మళ్లించిన ఆ మణికట్టే ఇక్కడ దాన్ని గీత దాటించింది.

ఇక ఈ వాదానికి అసలు జవాబు సి.కె. నాయుడు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టిన కొట్టారి కనకయ్య నాయుడు, 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు తరఫున, ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 116 నిమిషాల్లో 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. అంటే 118 పరుగులు, మొత్తంలో నాలుగింట మూడు వంతులకు పైగా, బౌండరీల మీదుగానే వచ్చాయి. పవర్ ప్లే అన్న మాటే పుట్టని రోజులవి. మొదటి ఆరు ఓవర్లలో ఇద్దరు ఫీల్డర్లే వలయం దాటి ఉండాలనే నేటి నిబంధన బ్యాటర్‌కు తెరిచే ఖాళీలు ఆనాడు లేవు. కెప్టెన్ తలచుకుంటే ఎందరినైనా బౌండరీ దగ్గర కాపలా పెట్టవచ్చు. ఆనాడు ఆటగాళ్లు ఎదుర్కొన్న బంతులను విడివిడిగా నమోదు చేసే అలవాటు సాధారణంగా లేదు గాని, గంటకు దాదాపు ఇరవై ఓవర్లు పడే ఆ కాలపు రివాజు ప్రకారం 116 నిమిషాలకు 230 బంతుల చిల్లర అనుకుని, వాటిలో సగం ఆయన ఆడాడనుకుంటే, స్ట్రైక్ రేట్ 130 పైనే తేలుతుంది. ఇది అంచనా మాత్రమే. అయినా, ఐపీఎల్‌లో ఏళ్ల తరబడి చోటు నిలబెట్టుకున్న ఎందరో బ్యాటర్ల సగటుకు ఈ అంచనా తీసిపోదు. పైగా ఇది ఇరవై ముప్ఫై బంతుల మెరుపు కాదు, రెండు గంటల పాటు ఆగకుండా సాగిన దాడి.

ఒక్క రోజు అదృష్టమని దీన్ని కొట్టిపారేసే వీలు కూడా లేదు. 1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడిన ఇంగ్లండ్ పర్యటనలో, 36 ఏళ్ల వయసులో, సి.కె. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశాడు. ఆ పర్యటన మొత్తం మీద 32 సిక్సర్లు కొట్టాడు. మరుసటి ఏడాది విజ్డెన్ వార్షిక సంచిక ఎంపిక చేసిన అయిదుగురు ఆటగాళ్లలో ఆయన ఒకడయ్యాడు. ఇంగ్లండ్‌లో మబ్బు పట్టిన ఆకాశం కింద, వాన పడితే పిచ్‌ను పూర్తిగా కప్పని కాలంలో, తెలియని నేల మీద తొలిసారి ఆడుతూ సాధించిన లెక్క ఇది. నలభై ఓవర్లు నింపే పని లేకుండా, నాలుగు ఓవర్లు మధ్యమ వేగంతో బౌలింగు వేసి, నాలుగో స్థానంలో వచ్చి భారీ షాట్లు కొట్టి, కవర్లలో ఫీల్డింగు చేసే ఆటగాడి కోసం నేటి ఫ్రాంచైజీలు వేలంలో కోట్లు కుమ్మరిస్తున్నాయి. ఆ వర్ణనకు సి.కె. కంటే చక్కగా సరిపోయే మనిషి భారత క్రికెట్ చరిత్రలో అరుదు.

పనిముట్ల సంగతి కూడా తేల్చుకోవాలి. ఇప్పటి బ్యాట్ బరువు పెంచకుండానే అంచులు దళసరిగా, వీపు ఉబ్బుగా తయారవుతోంది. అది హద్దు మీరుతోందని గ్రహించే 2017లో క్రికెట్ నియమావళి బ్యాట్ అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు మించకూడదని కట్టడి చేసింది. పూర్వపు బ్యాట్ అంచుకు తగిలిన బంతి స్లిప్ ఫీల్డర్ చేతిలో పడేది. ఇప్పటి బ్యాట్ అంచుకు తగిలిన బంతి అతని తల మీదుగా ఎగిరిపోయి నాలుగు పరుగులవుతోంది. బౌండరీ తాడును 59.43 మీటర్ల దాకా లోపలికి జరపడానికి అంతర్జాతీయ నిబంధనలు అనుమతిస్తున్నాయి. హెల్మెట్ 1970ల చివరలో గాని టెస్టుల్లోకి రాలేదు. ఓవర్‌కు ఎన్ని బౌన్సర్లు వేయవచ్చో పరిమితి లేని రోజుల్లో టోపీ పెట్టుకుని బంతిని హుక్ చేసినవారి ధైర్యాన్ని, మెడ దాకా రక్షణ ఉన్నవారి చొరవతో ఒకే త్రాసులో పెట్టడం న్యాయం కాదు. బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల బలాన్ని లెక్కలోకి తీసుకోకుండా తాండ్ర పాపారాయుడి పరాక్రమానికి వెల కట్టడాన్ని బొబ్బిలిలో ఎవరూ ఒప్పుకోరు. క్రికెట్ విషయానికి వచ్చేసరికి అదే ఊరి జనం ఆయుధాల తేడాను ఎందుకు మరచిపోతున్నారో ఆలోచించాలి.

శరీర దారుఢ్యం గురించిన ఆక్షేపణ పైకి బలంగా కనిపిస్తుంది. నేటి ఆటగాళ్ల ఫీల్డింగు పూర్వులకంటే ఎంతో మెరుగైనదన్న మాట నిజమే. బౌండరీ దగ్గర గాలిలోకి ఎగిరి బంతిని లోపలికి విసిరి మళ్లీ అందుకునే విద్య పాతవారికి తెలియదు. కాని దాన్నుంచి పాతవారు దుర్బలులన్న నిర్ధారణకు రావడం తొందరపాటు. సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు 1944–45 రంజీ ట్రోఫీ ఫైనల్లో హోల్కర్ తరఫున బొంబాయిపై ఒకే మ్యాచ్‌లో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేశాడు. ఇప్పటి బౌలర్‌కు ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో దక్కేవి 24 బంతులు. ఆ 917 బంతుల లెగ్ స్పిన్ వేసిన భుజం 24 బంతులు వేయలేదనడంలో తర్కం లేదు. వికెట్ల మధ్య పరుగు విషయానికి వస్తే, హైదరాబాద్ ఆల్‌రౌండర్ సయ్యద్ అబీద్ అలీ పరుగూ ఫీల్డింగూ ఆ తరంలో ఉదాహరణగా చెప్పుకునేవి. 1967లో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 55 పరుగులకు ఆరు వికెట్లు తీసి, ఆ సిరీస్‌లోనే సిడ్నీలో 78, 81 పరుగులు చేసి, 1975 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్‌పై 70 పరుగులు కొట్టిన అబీద్ అలీ నేటి జట్లు వెతుక్కునే బహుముఖ ఆటగాడే.

బంతుల వైవిధ్యమూ నిన్నమొన్న పుట్టింది కాదు. మధ్య వేలితో చిటికేసినట్టు వదిలే బంతిని 2008లో శ్రీలంక బౌలర్ అజంతా మెండిస్ వేసినప్పుడు లోకం వింతగా చూసింది గాని, వంచిన మధ్య వేలితో బంతిని తిప్పి ఆస్ట్రేలియా బౌలర్ జాక్ ఐవర్సన్ 1950–51లోనే ఇంగ్లండ్‌ను తికమకపెట్టాడు. రివర్స్ స్వీప్‌ను, అంటే బ్యాట్‌ను తిప్పిపట్టి ఆఫ్ సైడుకు ఊడ్చే షాట్‌ను, పాకిస్తాన్‌కు చెందిన మహమ్మద్ సోదరులు దశాబ్దాల క్రితమే ఆడారు. వేగంగా దూసుకొచ్చే గూగ్లీలతో 1971లో ఓవల్ మైదానంలో 38 పరుగులకే ఆరు వికెట్లు తీసిన బి.ఎస్. చంద్రశేఖర్ చేతికి ఇరవై ఓవర్ల ఆటలో కొత్తగా నేర్పవలసిన రహస్యం ఏముంటుందో చెప్పడం కష్టం.

ఇంతవరకూ చెప్పినది ఊహ అని ఎవరైనా అంటే, ఊహ అక్కరలేని ఒక ప్రయోగం ఇప్పటికే జరిగిపోయింది. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు, ఇరవై ఓవర్ల ఆట పుట్టకముందే తమ ఆటను పూర్తిగా తీర్చిదిద్దుకుని, అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్న లేదా తప్పుకోబోతున్న ఒక తరం దానిలోకి దిగింది. అంతర్జాతీయ ఆట వదిలేసిన షేన్ వార్న్ 38 ఏళ్ల వయసులో రాజస్థాన్ జట్టుకు తొలి టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అత్యధిక పరుగులు చేసినవాడు, ఆ జనవరిలోనే అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పిన మాథ్యూ హేడెన్, 572 పరుగులతో. అంతకు కొద్ది నెలల ముందే టెస్టుల నుంచి విరమించిన అనిల్ కుంబ్లే, నిదానమైన టెస్టు బౌలరని ముద్ర పడినవాడు, కేప్‌టౌన్‌లో రాజస్థాన్‌పై కేవలం 5 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఆ పోటీ అంతటిలో ఓవర్‌కు ఆరు పరుగుల లోపే ఇచ్చి 21 వికెట్లు సాధించాడు.

2009 మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్ తెలుగువారికి మరింత దగ్గరిది. ఒకవైపు హైదరాబాద్ పేరు మోసిన డెక్కన్ చార్జర్స్, దానికి కెప్టెన్ ఆడమ్ గిల్‌క్రిస్ట్. మరోవైపు బెంగళూరు, దానికి కెప్టెన్ కుంబ్లే. అంతకు రెండు రోజుల ముందు సెమీఫైనల్లో ఢిల్లీపై 35 బంతుల్లో 85 పరుగులు చేసిన గిల్‌క్రిస్ట్‌ను కుంబ్లే మొదటి ఓవర్లోనే సున్నాకు పంపాడు; 16 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు; అయినా చార్జర్స్ ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఆ చార్జర్స్ జట్టులో విశాఖపట్నం నుంచి వచ్చిన వేణుగోపాలరావు కూడా ఉన్నాడు. ఇరవై ఓవర్ల ఆటకే పుట్టామని చెప్పుకునే కుర్రవాళ్ల నడుమ ఆ ఫైనల్ కథను నడిపినవారిలో ముందు వరుసలో ఉన్నది ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిదేళ్ల ఇద్దరు విశ్రాంత టెస్టు ఆటగాళ్లు. 2010లో అత్యధికంగా 618 పరుగులు చేసినవాడు ముప్ఫై ఏడేళ్లు నిండుతున్న సచిన్ టెండూల్కర్. సగం సత్తువ తగ్గిన వయసులో వీరు ఒకటి రెండు సీజన్లలోనే ఇమిడిపోతే, ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇదే ఆటను నేర్చుకునే అవకాశం వస్తే పాత మహామహులు ఇమడలేరనడానికి ఆధారమేమిటో ఆ మాట అనేవారే చూపాలి.

ఈ వాదాన్ని సాగదీసి పాతవారంతా రాణించేవారని చెప్పడం కూడా తప్పే. కోల్‌కతాలో 281 పరుగులతో చరిత్ర గతినే మలచిన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఐపీఎల్‌లో ఇమడలేకపోయాడు. 2008లో ఆయన నాయకత్వంలో బరిలోకి దిగిన చార్జర్స్ పట్టికలో అట్టడుగున నిలిచింది, ఐపీఎల్ మొత్తం మీద ఆయన స్ట్రైక్ రేట్ నూటికి కాస్త పైన మాత్రమే ఆగింది. మణికట్టు మాయతో ఫీల్డర్ల మధ్య ఖాళీలు వెతికే ఆటకు గాలిలో లేచే షాట్ల బలం తోడు కాకపోతే పన్నెండు బంతుల లెక్క కలిసిరాదు. అజహర్‌కు వన్డేల్లో ఆ బలం తోడైంది, లక్ష్మణ్‌కు తోడు కాలేదు. ఒకే ఊరి, ఒకే బాణీ ఆటగాళ్ల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, విచారణ ఒక్కొక్క ఆటగాడి గురించి జరగాలే తప్ప తరానికంతటికీ ఒకే తీర్పు రాయడం కుదరదు.

పూర్వుల్లో కొందరు పొట్టి క్రికెట్‌కు సమానమైన ఆటను నిజంగా ఆడారన్న సంగతీ చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ లీగ్‌లో శనివారం మధ్యాహ్నం మొదలైన మ్యాచ్ సాయంత్రానికి తేలిపోయేది. టికెట్టు కొని వచ్చిన మిల్లు కార్మికులకు సిక్సర్లు చూపించి జీతం సంపాదించడం అక్కడి వృత్తి ఆటగాడి పని. వెస్టిండీస్‌కు చెందిన లియరీ కాన్‌స్టంటైన్, 1928లో లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్‌పై 86, 103 పరుగులు మెరుపు వేగంతో చేసి, ఒక ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీసి, ఆ పేరుతోనే 1929లో నెల్సన్ జట్టులో కుదిరి దాదాపు దశాబ్దం పాటు అదే పని చేశాడు. ఆ కాన్‌స్టంటైన్‌నే 1934లో హైదరాబాద్ మొయినుద్దౌలా గోల్డ్ కప్ కోసం ఫ్రీలూటర్స్ జట్టులోకి రప్పించినవాడు విజయనగరం మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకం పిలుచుకున్న పేరు విజ్జీ. 1930–31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడించినవాడూ ఆయనే. డబ్బు పెట్టి ప్రపంచంలోని ఏ మూల నుంచైనా మేటి ఆటగాళ్లను తెచ్చి జట్టు కట్టే పద్ధతి, ఇప్పుడు ఫ్రాంచైజీ అని పిలుస్తున్నది, విజయనగరం కోటకు తొంభై ఏళ్ల కిందటే తెలుసు.

అదే విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్‌గా మూడు టెస్టులు ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. ఆ జట్టులో సి.కె. నాయుడు ఆయన కింద ఆడవలసి వచ్చింది. పాత క్రికెట్ గురించి తేలిక మాటలు పుట్టడానికి ఈ కాలపు ఎంపిక పద్ధతి ఒక ముఖ్య కారణం: హోదా ఉన్నవారికి చోటు దొరికింది, ప్రతిభ ఉన్న ఎందరికో దొరకలేదు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన పాల్వంకర్ బాలూ దళితుడు కావడం వల్ల, అంతటి బౌలరై ఉండి కూడా, హిందువుల జట్టు నాయకత్వానికి నోచుకోలేదు. అలాంటి వ్యవస్థ మిగిల్చిన స్కోరు కార్డుల సగటును తీసుకుని ఆ తరం సామర్థ్యం ఇంతేనని చెప్పడం, వడ్లను చెరగకుండా తూచి ఇందులో పొల్లే ఎక్కువనడం వంటిది. నాగావళి, వేగావతి తీరాల ఊళ్లలో బలంగా బ్యాట్ తిప్పగల చేతులు ఆనాడు లేవని ఎవరు చెప్పగలరు? వారు ఆడడానికి జట్టే లేదు. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి అడుగుపెట్టింది 1953–54లో. భారత జట్టు తొలి టెస్టు ఆడిన ఇరవై ఒక్కేళ్లకు. ఆ తొలి ఏడాది ఆ జట్టును మైదానంలోకి నడిపించినవాడు యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు.